బోరు నీళ్ల పీహెచ్ తగ్గడానికి బాదం ఆకులు సరిపోతాయా?

మాది భీమవరం పక్కన పల్లెటూరు. ఇంట్లో 60 లీటర్ల అక్వేరియంలో నియాన్ టెట్రాలు (చిన్న రంగు చేపలు) ఉన్నాయి. బోరు నీళ్లే పోస్తున్నాం, పీహెచ్ 8.2 చూపిస్తోంది. వీటికి 7 లోపు ఉంటే మంచిది కదా, అదే టెన్షన్.

ఇక్కడ రొయ్యల చెరువుల వాళ్లను అడిగితే పీహెచ్ పెంచడానికి సున్నం ఎంత చల్లాలో చెబుతారు. నా బాధ దానికి రివర్స్! నిమ్మరసం, వెనిగర్ వద్దనుకున్నాను. నీళ్లలో ఆల్కలినిటీ (ఆమ్లాన్ని విరిచేసే గుణం) ఎక్కువుంటే తగ్గిన పీహెచ్ మళ్లీ పైకి ఎక్కుతుంది, ఆ ఎగుడుదిగుడుకే చేపలు చచ్చిపోతాయి.

అందుకే వాన నీళ్లు పట్టి, నీళ్లు మార్చినప్పుడల్లా కొద్దికొద్దిగా కలుపుదామని ఆలోచన. రేకుల కప్పు మీద నుంచి పట్టినవి వాడొచ్చా? పెరట్లో బాదం చెట్టుంది, రాలిన ఎండుటాకులు ఎన్ని వేయాలి? నీళ్లు టీ రంగుకి తిరిగినా నాకు ఇబ్బంది లేదు, ఇంట్లోవాళ్లకే ఉంటుంది. కొబ్బరి పీచు కడిగి ఫిల్టర్‌లో పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి, అడుగున అంతర్వేది నుంచి తెచ్చిన గవ్వలు పరిచాం. పీహెచ్ దిగనివ్వనిది అవేనా? ముందు వాటిని తీసేసి చూడమంటారా?