గ్రాండ్ ఫైనల్‌కి మెక్‌స్టే స్థానంలో ఎవరు? కాలింగ్‌వుడ్ టీమ్ మీద మీ అభిప్రాయం చెప్పండి

తార్నీట్_మ్యాగ్‌పై (బుధవారం, 2023 సెప్టెంబర్ 27)

అందరికీ నమస్కారం. శనివారం మధ్యాహ్నం రెండున్నరకి ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) ఏఎఫ్‌ఎల్, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, గ్రాండ్ ఫైనల్, మన కాలింగ్‌వుడ్‌కీ బ్రిస్బేన్ లయన్స్‌కీ. రేపు రాత్రి టీమ్ ప్రకటిస్తారు. నాలుగు రోజులుగా నా బుర్రలో ఒకటే తిరుగుతోంది, ముందు వరసలో ఆడే మన పొడుగు ఫార్వర్డ్ డాన్ మెక్‌స్టే స్థానంలో ఎవరిని దింపాలి?

చూడనివాళ్ల కోసం చెబుతున్నా, పోయిన శుక్రవారం జీడబ్ల్యూఎస్ జెయింట్స్‌తో ప్రిలిమినరీ ఫైనల్‌లో (గెలిస్తే గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లే మ్యాచ్) మెక్‌స్టే మోకాలి లిగమెంట్ దెబ్బతింది. శనివారం ఆడడు. నిరుటి సీజన్ అయ్యాక బ్రిస్బేన్ నుంచే మన దగ్గరికి వచ్చాడు, తన పాత టీమ్‌తో గ్రాండ్ ఫైనల్ ఆడే అవకాశం చేతిదాకా వచ్చి జారిపోయింది, నిజంగా బాధగా ఉంది. టేలర్ ఆడమ్స్ కూడా తొడ కండరం దెబ్బతో ముందే దూరమయ్యాడు.

నాకు టెన్షన్ ఎందుకంటే, ఈ ఫైనల్స్ సిరీస్‌లో మనం రెండు మ్యాచ్‌లూ గెలిచాం కానీ మెల్‌బోర్న్ మీద 60-53, జెయింట్స్ మీద 58-57. రెండు మ్యాచ్‌లలోనూ 60 దాటలేదు. అదే బ్రిస్బేన్ పోర్ట్ అడిలైడ్ మీద 123 కొట్టింది. పైగా ఈ ఏడాది మనం వాళ్లతో రెండుసార్లు ఆడి రెండుసార్లూ ఓడాం, ఏప్రిల్‌లో బ్రిస్బేన్‌లోని గబ్బా స్టేడియంలో 33 పాయింట్లతో, ఆగస్టులో మెల్‌బోర్న్‌లోని మార్వెల్ స్టేడియంలో 24 పాయింట్లతో.

ప్రిలిమ్‌కి తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారిని తీసుకెళ్లాను. ఆయనకి రూల్స్ సగమే తెలుసు, గోల్‌కి ఆరు, పక్క కర్రల మధ్యనుంచి పోతే ఒకటి, అంతవరకే. ఆఖరి మూడు నిమిషాలు మెడలో ఉన్న మఫ్లర్ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్లీ చుట్టుకుంటూ కూర్చున్నారు, సైరన్ మోగాక చూస్తే ఆ వేలు తెల్లగా అయిపోయింది. ఒక్క పాయింట్! శనివారం కూడా అలాగే గట్టెక్కుదామంటే కుదరదు, గోల్స్ రావాలి.

బిల్లీ ఫ్రాంప్టన్ అంటున్నారు కొందరు, ఆష్ జాన్సన్ అంటున్నారు ఇంకొందరు. పొడుగువాళ్లు ఇక చాలు, పరుగెత్తేవాడిని వేసుకోండి అనేవాళ్లూ ఉన్నారు. మీరేమంటారు?

స్ప్రింగ్‌ఫీల్డ్_సింహం

బ్రదర్, నేను లయన్స్ మనిషిని, ముందే చెప్పేస్తున్నా. మా టీమ్ ప్రాక్టీస్ చేసే గ్రౌండ్‌కి మా ఇల్లు పది నిమిషాలు.

మీరంతా ఫార్వర్డ్‌లో ఎవరు, ఎవరు అని చూస్తున్నారు కానీ మ్యాచ్ తేలేది మధ్యలో. సెంటర్ బౌన్స్ అప్పుడు, అంటే అంపైర్ గ్రౌండ్ నడిమధ్య బాల్‌ని నేలకేసి కొట్టి ఆట మొదలుపెట్టేటప్పుడు, 6-6-6 రూల్ ఉంది కదా, ఆరుగురు ముందు, ఆరుగురు మధ్య, ఆరుగురు వెనక కచ్చితంగా నిలబడాలి, అదనంగా ఒకడిని వెనక దాచుకునే వీలు లేదు. ఆ క్షణంలో మా బిగ్ ఓ, అదే ఆస్కార్ మెకినర్నీ, బాల్‌ని లాకీ నీల్ చేతికి అందేలా తడితే చాలు, మూడు సెకన్లలో అది మా ఫార్వర్డ్‌లు డానిహర్, హిప్‌వుడ్ నెత్తి మీద ఉంటుంది, కింద చార్లీ కామెరాన్ కాచుకుని ఉంటాడు. సోమవారం రాత్రి సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ నీల్‌కి ఊరికే ఇవ్వలేదు, 31 ఓట్లు. రెండోసారి గెలిచాడు, 2020లో మొదటిది.

ఇక మీ నిక్ డైకోస్. 28 ఓట్లతో మూడోవాడు, అదీ ఆగస్టు మొదట్లో మోకాలికి దెబ్బ తగిలి ఆఖరి రౌండ్లు ఆడకుండా! ఆ కుర్రాడంటే నాకు చాలా గౌరవం. అందుకే మా కోచ్ ఫేగన్ అతని మీదికి జాష్ డంక్లీని పంపాలని కోరుకుంటున్నా. హాథార్న్ వాళ్లు మగిన్నెస్‌ని అంటిపెట్టి ఆ రోజు 5 డిస్పోజల్స్‌కే (కిక్‌లు, చేత్తో గుద్దిన పాస్‌లు కలిపి) ఆపారు. దెబ్బ కూడా తగిలింది ఆ రోజే కాబట్టి పూర్తి లెక్క కాదు, ఒప్పుకుంటా. అయినా దారి ఉందని తెలిసింది.

మాకున్న భయం ఎంసీజీయే. 2014 తర్వాత అక్కడ మేం గెలిచింది ఒక్కటే, నిరుడు సెమీ ఫైనల్‌లో మెల్‌బోర్న్ మీద. ఈ జూలైలో అదే మెల్‌బోర్న్ చేతిలో ఒక్క పాయింట్‌తో పోయింది.

ఆస్‌కిక్_అమ్మ

ఫ్రాంప్టన్. నాకు ఇందులో అనుమానమే లేదు, ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిక చేసుకుని చదవండి.

మెక్‌స్టే చేసే పని గోల్స్ కొట్టడం ఒక్కటే అనుకుంటే అతనికి బదులు దొరకడు. కానీ అతను చేసే అసలు పని వేరు. బాల్ పొడుగ్గా ముందుకి వచ్చినప్పుడు ఎదుటి డిఫెండర్ దాన్ని హాయిగా గాల్లోనే పట్టేసుకోకుండా అడ్డం పడటం. బ్రిస్బేన్‌లో ఆ డిఫెండర్ హారిస్ ఆండ్రూస్. అతన్ని వదిలేస్తే మనం తన్నే ప్రతి పొడుగు కిక్ అతనికి కానుక. పట్టుకున్న వెంటనే పక్కన కోల్‌మన్‌కి ఇస్తాడు, కోల్‌మన్ ఎడమ కాలితో నలభై యాభై మీటర్ల కిక్ గురిగా వేస్తాడు, మనవాళ్లు ఇంకా వెనక్కి తిరిగేలోపే బాల్ అటు చేరిపోతుంది. మన గోల్ దగ్గర మొదలైన బాల్ వాళ్ల గోల్‌గా మారడానికి పదిహేను సెకన్లు చాలు.

కృష్ణాష్టమికి ఉట్టి కొట్టడం చూసే ఉంటారు. ఎగిరేవాడి మొహం మీద నీళ్లు కొట్టేవాడు ఒకడుంటాడు కదా, ఉట్టి తన చేతికి రావాలని వాడికి ఉండదు, ఎగిరేవాడి చేతికి అందకపోతే చాలు. ఫ్రాంప్టన్ చేయాల్సింది అదే. ఒక్క గోల్ కొట్టకపోయినా పరవాలేదు, ఒక్క మార్క్ (గాల్లో క్యాచ్) పట్టకపోయినా పరవాలేదు, నాలుగు క్వార్టర్లూ ఆండ్రూస్ భుజానికి భుజం ఆనించి ఉంటే చాలు. ఈ ఏడాది మొదట్లో జెరెమీ హౌ చెయ్యి విరిగి ఆడనప్పుడు వెనక ఆడింది ఈ ఫ్రాంప్టనే. డిఫెండర్‌కి ఏది చిరాకు తెప్పిస్తుందో ఇంకో డిఫెండర్‌కే తెలుసు. జాన్సన్‌కి నేను వ్యతిరేకిని కాదు, కానీ అతను బాల్ కోసం ఎగురుతాడు. ఇక్కడ కావాల్సింది మనిషిని కాచుకునేవాడు.

గాల్లో ఆండ్రూస్ చేతికి అందకపోతే బాల్ కింద పడుతుంది. కింద ఎవరున్నారు? బాబీ హిల్, జేమీ ఎలియట్, బ్యూ మెక్రీరీ. గోల్స్ వచ్చేది అక్కడినుంచి.

మావాడికి ఏడేళ్లు, ఆదివారం పొద్దున ఆస్‌కిక్‌లో (పిల్లల ఫుట్‌బాల్ శిక్షణ) కోచ్ ఇదే నేర్పించాడు. పట్టుకోలేను అనిపిస్తే పిడికిలి బిగించి బాల్ వెనక భాగం మీద గుద్దు, చేతులు చాపి ఆశపడకు అని. మావాడు మొదటి మూడుసార్లు రెండు చేతులూ చాపాడు, బాల్ జారి అవతలి పిల్లాడి ఒళ్లో పడింది. నాలుగోసారి గుద్దాడు. అది దొర్లుకుంటూ పోయి పొట్టి పిల్ల ఒకతి కాళ్ల దగ్గర ఆగింది, ఆమె తన్నింది, గోల్. చప్పట్లు ఆమెకి కొట్టారు, నేను మావాడికి కొట్టాను.

వెర్రిబీ_రన్నర్

అక్కా, మీరు రాసింది బాగుంది కానీ నేను ఒప్పుకోలేను. శనివారం ఎండ, 28 దాకా పోతుందంటున్నారు. మెల్‌బోర్న్‌లో శీతాకాలం అంతా ఆడి వచ్చినవాళ్లకి అది మామూలు వేడి కాదు, బ్రిస్బేన్ వాళ్లకి రోజూ ఉండేదే. ఇప్పటికే డార్సీ కామెరాన్, మేసన్ కాక్స్ ఇద్దరు రక్‌మన్లు (బౌన్స్ అప్పుడు బాల్ కోసం ఎగిరే పొడుగువాళ్లు) ఉన్నారు, కాక్స్ 211 సెంటీమీటర్ల మనిషి. మిహోచెక్ ఉన్నాడు. ఇంకో పొడుగువాడిని వేస్తే మూడో క్వార్టర్‌కి ముందు వరసలో పరుగెత్తేవాళ్లు ఎంతమంది మిగులుతారు? మార్చుకోవడానికి మ్యాచ్ మొత్తానికి 75 రొటేషన్లే. పొడుగువాళ్లు అలసిపోయి ఎక్కువసార్లు బయటికి వస్తే ఆ లెక్క పెండిల్‌బరీ, సైడ్‌బాటమ్‌లకి తగ్గుతుంది. పెండిల్‌బరీకి 35 ఏళ్లు, ఆఖరి పది నిమిషాల్లో అతను గ్రౌండ్‌లో ఉండి తీరాలి.

ఎంసీజీ మార్వెల్ కన్నా వెడల్పు. కాలింగ్‌వుడ్ ఆట ఏంటి? బాల్ దొరకగానే ఆగకుండా హ్యాండ్‌బాల్ (పిడికిలితో గుద్ది పాస్), మధ్యలోంచి పరుగు, ఎదుటివాళ్లు సర్దుకునేలోపే ముందుకి. పొడుగు కిక్కే కొట్టకపోతే ఆండ్రూస్‌కి పనే ఉండదు కదా! మన కోచ్ మెక్రే ఈ రెండేళ్లూ మనల్ని గెలిపించింది ఈ ధైర్యంతోనే, గ్రాండ్ ఫైనల్ వచ్చేసరికి ఎదుటివాడి ఆట చూసి మన టీమ్ మార్చుకోవడం నాకు నచ్చదు.

లిపిన్‌స్కీ లాంటి పరుగెత్తే మిడ్‌ఫీల్డర్ టీమ్‌లో కచ్చితంగా ఉండాలి, కనీసం సబ్‌గా (మ్యాచ్ మధ్యలో దింపే అదనపు ఆటగాడు) అయినా. ఈ ఏడాది నుంచి సబ్‌ని గాయం లేకపోయినా ఎప్పుడైనా దింపొచ్చు, దాన్ని పొడుగువాడికి వాడేసుకోవద్దు.

ఆస్‌కిక్_అమ్మ

@వెర్రిబీ_రన్నర్ సబ్ విషయంలో మీ మాటే నా మాట. కానీ పొడుగు కిక్కే కొట్టం అనుకోవడం మంచి రోజుల మాట. జెయింట్స్ మ్యాచ్ మళ్లీ చూడండి, చుట్టూ మనుషులు మూగినప్పుడు పెద్ద పెద్దవాళ్లే గత్యంతరం లేక ఎత్తి కొట్టారు. ఫైనల్‌లో అలాంటి కిక్‌లు తప్పవు. అవి ఎక్కడ పడతాయన్నదే ప్రశ్న.

పాతకాపు_2003

నేను చదువుకోవడానికి వచ్చిన కొత్తల్లో, 2003లో, కాలింగ్‌వుడ్, బ్రిస్బేన్ గ్రాండ్ ఫైనల్ ఫ్రెండ్స్ ఇంట్లో చూశాను. 50 పాయింట్లతో పోయింది. అంతకుముందు ఏడాది కూడా వీళ్ల చేతిలోనే, 9 పాయింట్లతో. అప్పుడు బ్రిస్బేన్ జెర్సీలో ఆడినవాడు క్రెయిగ్ మెక్రే, ఇప్పుడు మన కోచ్. అప్పుడు వాళ్ల కోచ్ లీ మాథ్యూస్, 1990లో మనకి కప్పు తెచ్చిపెట్టినవాడు. ఇరవై ఏళ్లుగా ఆ రెండు మ్యాచ్‌లూ నా మనసులో ఉన్నాయి, అందుకే ఈ శనివారం నాకు ఇంకో మ్యాచ్ లాంటిది కాదు.

తమ్ముళ్లూ, మీరంతా ముందు వరస గురించే మాట్లాడుతున్నారు, ఒక్కరూ వెనక వరస గురించి రాయలేదు. చార్లీ కామెరాన్ మీద ఎవరు? నా ఓటు ఐజాక్ క్వేనర్‌కి, మేనార్డ్‌కి కాదు. మేనార్డ్ బాల్ మీదికి దూకే మనిషి, కామెరాన్ ఆ ఒక్క అడుగు ఖాళీ కోసమే చూస్తుంటాడు. క్వేనర్ ఓపిగ్గా వెంట ఉంటాడు. డానిహర్ మీద మర్ఫీనో హౌనో వేసి డార్సీ మూర్‌ని కాస్త స్వేచ్ఛగా వదలాలి, ఆండ్రూస్ వాళ్లకి ఏం చేస్తాడో మూర్ మనకి అదే చేస్తాడు. బ్రిస్బేన్ కోచ్ కూడా ఈపాటికి మూర్ మీద భుజం ఆనించేవాడి కోసం వెతుకుతూనే ఉంటాడు. ఫేగన్ హాథార్న్‌లో ఉన్న రోజుల్లో వాళ్లు కప్పులు గెలవడం దగ్గరుండి చూసినవాడు, అతనికి ఎంసీజీ కొత్త కాదు.

డైకోస్ విషయం. డంక్లీ వెంటబడితే మొదటి క్వార్టర్‌లో హాఫ్ బ్యాక్‌కి (వెనక వరసలోకి) పంపేయాలి. ట్యాగ్ చేసేవాడు, అంటే అంటిపెట్టుకుని తిరిగేవాడు, అంత వెనక్కి వస్తే నీల్ పక్కన ఒక మనిషి తగ్గినట్టే. రాకపోతే కుర్రాడికి బాల్ దొరుకుతుంది. మధ్యలో మిచెల్, డిగోయ్, క్రిస్ప్ ఉండనే ఉన్నారు. ఏడు వారాల్లో ఒక్క మ్యాచ్ ఆడిన మోకాలు అది, మొదటినుంచీ సెంటర్‌లో కుమ్ములాటకి పంపొద్దు.

ఫ్రాంప్టన్ విషయంలో అమ్మాయి చెప్పిందే కరెక్ట్.

స్ప్రింగ్‌ఫీల్డ్_సింహం

పాతకాపు గారూ, డైకోస్‌ని వెనక్కి పంపితే మాకు కష్టమే, కాదనను. కానీ ఆగస్టులో అతను లేకపోయినా మీరు వంద పాయింట్లు కొట్టారు, మేం 124 కొట్టాం. మీ దగ్గర గోల్స్ లేవని కాదు, మమ్మల్ని ఆపలేకపోయారు. అందుకే మళ్లీ చెబుతున్నా, సెంటర్ బౌన్స్‌లు లెక్కపెట్టండి.

అక్క రాసింది చదివాక మాత్రం ఆండ్రూస్ గురించి నాకూ దిగులు పట్టుకుంది. మావాళ్లు అతన్ని అలా ఒంటరిగా వదలకుండా ఇంకో డిఫెండర్‌తో మార్చుకుంటూ ఉండాలి, ఫ్రాంప్టన్ ఎటు వస్తే అటు కాకుండా.

తార్నీట్_మ్యాగ్‌పై

అందరికీ థ్యాంక్స్, రెండుసార్లు చదివాను. నేను జాన్సన్ వైపు మొగ్గు చూపుతూ ఈ ప్రశ్న వేశాను, గోల్స్ కావాలి కాబట్టి గోల్స్ కొట్టేవాడు కావాలి అనుకున్నా. ఉట్టి ఉదాహరణతో మనసు మారింది. ఫ్రాంప్టన్ ఆండ్రూస్ మీద, లిపిన్‌స్కీ సబ్, డైకోస్ మొదట హాఫ్ బ్యాక్, క్వేనర్ చార్లీ కామెరాన్ మీద. @వెర్రిబీ_రన్నర్ అన్నా, ఎండ గురించి మీరన్నది ఇంకా మనసులో పీకుతూనే ఉంది, కాక్స్‌ని ఎక్కువసేపు బెంచ్ మీద ఉంచి డార్సీ కామెరాన్ ఒక్కడితో రక్ నడపగలిగితే సరిపోతుందేమో చూడాలి.

క్లబ్బుకి లక్షకు పైగా సభ్యులు, నాకు టికెట్ రాలేదు. ఇంట్లోనే చూస్తాం. రేపు హైదరాబాద్‌లో నిమజ్జనం కదా, మా తమ్ముడు ట్యాంక్‌బండ్ నుంచి వీడియో కాల్ చేస్తానన్నాడు, టీమ్ ప్రకటించే టైమ్‌కి చెయ్యొద్దని చెప్పాను. నాన్నగారి ప్రయాణం ఆదివారం రాత్రి. ఫ్రాంప్టన్ నంబర్ ఎంతో చెప్పరా, శనివారం వాడినే చూస్తాను అని ఇందాకే అడిగారు.