లంకమల మంటలు: డ్రోన్ చాలా, జైరోకాప్టర్ కావాలా?

సిద్ధవటం వాసి:
మాఘం దాటితే మన కడప జిల్లా లంకమల కొండల మీద పొగ మామూలైపోయింది. ఉపగ్రహాలు పట్టిన మంటల సమాచారాన్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఫోన్లకు పంపుతుంది, కాదనను. కానీ వీఐఐఆర్ఎస్ (మంటలు పట్టే ఉపగ్రహ పరికరం) పటంలో ఒక్కో చుక్క 375 మీటర్ల మేర. ఉపగ్రహం మళ్లీ మన నెత్తి మీదికి రావడానికి గంటలు పడుతుంది. ఎండిన బోదగడ్డికి అంత ఓపిక ఎక్కడిది? హెలికాప్టర్ ఖర్చు భరించలేం. కడప విమానాశ్రయంలో ఇద్దరు కూర్చునే జైరోకాప్టర్ (పైరెక్కలు గాలికే తిరిగే, హెలికాప్టర్ లాంటి తేలిక బండి) ఒకటి ఉంచి, ఫిబ్రవరి నుంచి మే దాకా కొండల చుట్టూ తిప్పితే తప్పేమిటి?

పెన్నగట్టు:
జైరోకాప్టర్ గాలిలో ఒకచోట నిలబడలేదు. డ్రోన్ నిలబడుతుంది.

సిద్ధవటం వాసి:
పొగ కనిపెట్టడానికి నిలబడడం ఎందుకండీ? చిన్న డ్రోన్ బ్యాటరీ అరగంటకు అయిపోతుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో (అనుమతి లేకుండా ఎగరేయగల చోట) కూడా 120 మీటర్లు దాటాలంటే అనుమతి కావాలి. ఒక గుట్ట అడ్డం వస్తే ఎగరేసేవారికే డ్రోన్ కనబడదు.

పెన్నగట్టు:
నిలబడలేదన్నది నిజమా, కాదా? అది చెప్పండి. ఏప్రిల్ మధ్యాహ్నం బండలు కాగి గాలి పైకి తన్నుతుంటే ఆ తేలిక బండిలో మీరు ఎక్కుతారా?

పొదలమిత్రుడు:
అంతరించిపోయిందనుకున్న కలివికోడి పక్షి 1986లో మళ్లీ కనిపించింది ఈ పొదల్లోనే. దాని నెత్తిన ఈ రొద అవసరమా?

బద్వేలు రైతు:
మా తమ్ముడు వేసవిలో అడవి మంటలు కాసే పనికి వెళ్లాడు. నడుముకు నీళ్ల సీసా, చేతిలో పచ్చికొమ్మ. ఎండుటాకులు ఊడ్చి గీత తీయడం, గీత దాటిన మంటను కొమ్మతో కొట్టి చంపడం. కాళ్లు బొబ్బలెక్కాయి. కూలి మాత్రం దసరా దాకా రాలేదు. పైనుంచి ‘అదిగో మంట’ అనేవాడికి పెట్రోలు పోయిస్తారు, కింద ఆర్పేవాడి సంగతి?

సిద్ధవటం వాసి:
అది వేరే విషయం. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం తగలబడితే వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. తొందరగా కనిపెడితే అంతదాకా రాదు.

బద్వేలు రైతు:
వేరే విషయమా? మీరు అడవిలో ఒక్క పూటైనా నడిచారా?

పెన్నగట్టు:
ఆవేశం ఎందుకు? కొత్త గడ్డి కోసం నిప్పు పెట్టేది మందల వాళ్లే కదా. డ్రోన్ నిలబడితే ముఖం చిక్కుతుంది. మొదటి నుంచి నేను నిలబడాలంటున్నది అందుకే.

బద్వేలు రైతు:
ఇప్పుడు బయటపడ్డారు! మీకు కావలసింది మంట కాదు, మనిషి. దారిన పోతూ బీడీ పారేసినవాడు మీ లెక్కలో లేడు, ఎర్రచందనం దొంగల పొయ్యి లేదు, మేకలవాడు ఒక్కడే దొరికాడు. పుల్లలకు, తేనెకు వెళ్లే మా ఆడవాళ్ల బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి? రేపు కేసు పెడితే ఎవరు తిరుగుతారు కోర్టుకు?

సిద్ధవటం వాసి:
నా ఆలోచనలో ముఖాలు లేవు. వేడిని చూపే కెమెరా చాలు, పొగ కమ్మినా మంట అంచు తెలుస్తుంది.

బద్వేలు రైతు:
ఆ మాట కాగితం మీద పెట్టించండి. వేడి పటం తప్ప మరేదీ దాచకూడదని, మంట ఆర్పిన కూలి ఆ నెలలోనే ఇవ్వాలని. అప్పటిదాకా నిలబడేదైనా తిరిగేదైనా మాకు ఒకటే.

పెన్నగట్టు:
పైలట్ ఎక్కడ దొరుకుతాడు? ఆ సంగతి ఎవరూ ఎత్తరేం?