మెర్సిన్ నుంచి ఒక్క రోజులో కిజ్‌కలేసి కోటలు: కారు లేకుండా కుదురుతుందా?

ప్రశ్న: అక్టోబరులో తుర్కియేలో మెర్సిన్‌లో దిగుతున్నాం. అమ్మా నాన్నా కూడా వస్తున్నారు, నాన్నకి మోకాళ్ళ నొప్పులు. కిజ్‌కలేసిలో నీళ్ళ మధ్య కోట, ఒడ్డున ఉన్న కోట, వీలైతే అనమూర్ దగ్గరి మామూరే కోట కూడా ఒకే రోజులో చూడాలని ఉంది. కారు లేదు.

జవాబు: మామూరే మర్చిపోండి. కిజ్‌కలేసి దాటి ఇంకా 150 కిలోమీటర్ల దాకా కొండ అంచున ప్రయాణం. బస్సుల్లో అదే రోజు తిరిగి రావాలంటే దారే రోజంతా తినేస్తుంది.

కిజ్‌కలేసి మెర్సిన్‌కి పడమటి వైపు 60 కిలోమీటర్లు. అదే దారిలో ఇంకా ముందున్న సిలిఫ్కె ఊరికి వెళ్ళే మినీబస్సు ఎక్కి ఊరి పేరు చెబితే చాలు, హైవే మీదే దింపేస్తారు. అక్కణ్ణుంచి బీచ్‌కి నడకే. దిగేటప్పుడే చివరి బండి ఎన్నింటికో అడిగి పెట్టుకోండి.

ముందు నీళ్ళ కోట చూడండి, అదీ పొద్దున్నే. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, అప్పుడు పడవ ఊగిసలాటలో పెద్దవాళ్ళు ఎక్కడం, దిగడం కష్టం. అల మరీ ఎక్కువైతే పడవలు వెళ్ళవు కూడా. బేరమాడేటప్పుడు ‘గిదిష్ దొనుష్’ అనండి, అంటే రానూ పోనూ. ఈ మాట తేల్చుకోకపోతే తిరుగు పడవ దగ్గర మళ్ళీ పేచీ. లీరాలు చిల్లరగా ఉంచుకోండి. పెడల్ బోట్లు కూడా దొరుకుతాయి గానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషిని వాటిలో కూర్చోబెట్టకండి.

ఒడ్డు కోట, అంటే కోరికోస్, 12వ శతాబ్దపు మొదట్లో బైజాంటీన్లు (తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్ళు) కట్టించినది. పాత రోమన్ ఊరి రాళ్ళు పీకి కట్టారు. గోడల్లో గుండ్రటి స్తంభాలు అడ్డంగా పేర్చి ఉంటాయి, వాటిని వెతికి చూడండి. లోపల నీడ తక్కువ, నేలంతా రాళ్ళు, గడ్డిలో పాత నీటి తొట్ల గుంటలు. చెప్పులు వద్దు, బూట్లే. నాన్నగారు ద్వారం దగ్గర కూర్చుంటే మేలు.

ఇంకో జవాబు: మ్యాపులో పేరు జాగ్రత్తగా కొట్టండి. ‘కిజ్ కులేసి’ అంటే ఇస్తాంబుల్‌లోని బురుజు, ‘కిజ్‌కలేసి’ అంటే ఈ కోట. తమాషా ఏమిటంటే రెండింటికీ ఒకటే కథ: పాము కాటుతో పోతుందన్న కూతురి కోసం రాజు నీళ్ళ మధ్య కట్టిస్తే, పాము పళ్ళబుట్టలో వచ్చిందట. అచ్చం మన పరీక్షిత్తు కథే.

విమానం ఇంకా బుక్ చేయకపోతే 2024 ఆగస్టులో తెరిచిన చుకురోవా విమానాశ్రయానికే చేయండి. పాత సమాచారంలో పక్క నగరం అదానా విమానాశ్రయం అని ఉంటుంది.

ప్రశ్న: దగ్గర్లో ‘జెన్నెత్’ గుహ ఉందంటున్నారు?

జవాబు: కిజ్‌కలేసి దగ్గర్లోని నార్లికుయు అనే ఊరి దగ్గర హైవే మీద దిగి ఎండలో ఎత్తెక్కాలి, పైగా లోయలోకి 450కి పైగా మెట్లు. నాన్నగారికి వద్దు. బదులుగా నార్లికుయులో సముద్రం ఒడ్డునే ఉన్న రోమన్ స్నానశాల మొజాయిక్ (రంగురాళ్ళ ముక్కలు పేర్చి నేల మీద చేసిన బొమ్మ) చూపించండి, చిన్న గదే. శాకాహారులైతే బంగాళదుంప లేదా పాలకూర పెట్టిన గోజ్లెమె అడగండి, కూరిన రొట్టెలాగే ఉంటుంది. ‘ఎత్‌సిజ్’ అంటే మాంసం లేకుండా అని.