పత్తి విత్తనం మీద ఆఖరి మాట ఎవరిది? శాస్త్రవేత్తదా, మంత్రిదా?

రాజురా పత్తిచేను:
పోయిన వానకాలం ముచ్చట. మా తాలూకాల ఒకాయన ఇంటెనక రేకుల కొట్టంల ఐదు పాకెట్ల పత్తి గింజలు కొన్న, సర్కారు అనుమతి లేనియి. బిల్లు లేదు, లాట్ నంబరు లేదు. గడ్డిమందు కొట్టినా ఈ పత్తి చావదన్నడు. గింజలు నానేస్తే గులాబీ రంగంత నీళ్లల్ల దిగింది, నా వేళ్లకంటింది రెండొద్దులు పోలే. సగం మొలవలే. మొలిచినవాటి మీద మందు కొడితే గడ్డితోని సగం మొక్కలు గూడ మాడినయ్. ఎవలకు చెప్పుకోవాలె? అమ్ముడే నేరమైనప్పుడు కొన్నోడు ఏ మొకం వెట్టుకొని పోతడు? బీటీ అంటే పురుగును తట్టుకునేటట్టు జన్యువు మార్చిన పంట. ఈ దొంగ విత్తనాన్ని ఈడ చోర్ బీటీ అంటరు, ఆసిఫాబాద్ దిక్కు బీజీ త్రీ అంటరు. సర్కారేమో బయోటెక్‌ల పెద్దగైతం అని 2024ల బయో ఈ3 విధానం దెచ్చింది. సర్కారు ఒప్పుకున్న విత్తనంల మాత్రం నేను 2006ల వచ్చిన బోల్‌గార్డ్-2 బీటీ పత్తి కాడ్నే ఆగిన. రాజకీయం పక్కకు జరిగితే మన బతుకు బాగుపడ్తదా? చెప్పున్రి.

కిన్వట్ మాస్టారు:
జరగాల్సిందే. బీటీ వంకాయ సంగతి చూడండి. 2009 అక్టోబరు 14న జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ సరేనంది. పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు ఊళ్లలో సభలు పెట్టారు, మన దగ్గర్లో నాగపూర్‌లోనూ, హైదరాబాద్‌లోనూ. 2010 ఫిబ్రవరి 9న నిలిపేశారు. అదే వంకాయను బంగ్లాదేశ్ రైతులు 2014 నుంచి పండిస్తున్నారు. ఇక్కడ ఇప్పటికీ ఔననరు, కాదనరు. అన్నట్టు, ఆ కమిటీ పేరులో 'ఆమోదం' అన్న మాట కూడా ఉంచలేదు, 'మదింపు' అని మార్చారు. పరీక్ష రాసినవాడికి ఫలితం చెప్పకుండా పదిహేనేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టినట్టుంది.

సిరోంచ ఆడపడుచు:
మాస్టారూ, జోక్యం అనగానే మీకు వంకాయే గుర్తొస్తుంది. నాకు మా నాయన గుర్తొస్తాడు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీటీ విత్తనాల ధర మీద గుత్తాధిపత్య కమిషన్ దాకా వెళ్లింది. 1,600 పైన ఉన్న 450 గ్రాముల పాకెట్ 750కి దిగింది. ఆ ఏడు నాయన పడవలో ప్రాణహిత దాటి చెన్నూరు వెళ్లి తెచ్చాడు. అది రాజకీయం కాదా? శాస్త్రవేత్త ధర తగ్గించలేడు కదా.

బల్లార్షా ల్యాబ్:
ఇంకో సంగతి. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకా తెచ్చింది. అదీ జన్యుమార్పిడే, ఈస్ట్‌లో తయారైంది. దాని మీద ఏ ఊళ్లోనూ సభ పెట్టలేదు. ఎందుకంటే ఈస్ట్ ట్యాంకులోనే ఉంటుంది, పుప్పొడి పక్క చేనుకు ఎగిరిపోతుంది. అందుకే మందుల బయోటెక్‌కు దారి దొరికింది, విత్తనాలది గేటు దగ్గరే ఆగింది. రెంటినీ ఒకే గాటన కడితే చర్చ తేలదు.

రాజురా పత్తిచేను:
ల్యాబ్ తమ్మీ, నువ్ జెప్పింది నిజమే. మా తప్పు గూడ ఒప్పుకుంట. అప్పట్ల బీటీ పాకెట్‌తోని 120 గ్రాముల బీటీ గాని ఉత్త పత్తి గింజల పాకెట్ ఇచ్చేటోళ్లు, చేను సుట్టు ఎయ్యమని. పురుగుకు తినెతందుకు ఉత్త పత్తి గింత ఉంటే, బీటీని తట్టుకునే పురుగులొక్కటే మిగిలిపోవని దాని లెక్క. మేమేం జేసినం? గట్టు మీద పారేసినం. ఎకరంల నాలుగు సాళ్లు ఎవడు ఇడుస్తడు? ఇప్పుడు కాయ పగలగొడితే లోపల గులాబీ పురుగు సల్లగ పండుకొని ఉంటది. అది మంత్రి జేసింది గాదు.

సిరోంచ ఆడపడుచు:
యవత్మాల్ మరిచారా? 2017లో అక్కడ పత్తికి పురుగుమందు కొడుతూ 20 మంది దాకా పోయారు. బీటీ వస్తే మందు కొట్టే పనే తగ్గుతుందన్నారు. అమ్మినవాళ్లను అడిగే నాథుడే లేకపోయాడు.

కిన్వట్ మాస్టారు:
ఒప్పుకుంటానమ్మా. నా కోపం జోక్యం మీద కాదు, తేల్చకపోవడం మీద. 2019 జూన్‌లో అకోలా జిల్లాలో షేత్కరీ సంఘటన అనే రైతు సంఘం వాళ్లు అనుమతి లేని విత్తనాన్ని పట్టపగలే నాటారు. జన్యుమార్పిడి ఆవాలకు 2022లో పచ్చజెండా ఊపారు. దాని మీద 2024 జులై 23న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. జాతీయ విధానం కావాలన్న ఒక్క మాటలోనే ఇద్దరూ కలిశారు. మరోపక్క సాంబ మసూరిని జన్యు సవరణతో, అంటే బయటి జన్యువు చేర్చకుండా ఉన్నదాన్నే సరిదిద్ది, మార్చిన వరిని 2025 మేలో కేంద్రమే విడుదల చేసింది. అదీ రాజకీయ నిర్ణయమే. రైతుకు కావలసింది ఏదో ఒక జవాబు. వద్దంటే కారణం రాసివ్వండి. సరేనంటే ధరెంత, మొలవకపోతే బాధ్యత ఎవరిదో పాకెట్ మీద అచ్చేయండి. రెండూ లేకనే గదా రేకుల కొట్టం నడుస్తోంది.

బల్లార్షా ల్యాబ్:
ఇందులో సగం తప్పు శాస్త్రవేత్తలది కూడా సార్. పరీక్షల లెక్కలు బీరువాలో దాస్తే అనుమానం పుట్టకుండా ఎట్లుంటది?

రాజురా పత్తిచేను:
మొన్న గా కొట్టం ఆయన మల్ల ఫోన్ జేసిండు. ఈసారి పాకెట్ మీద లాట్ నంబరు గూడ ఉన్నదట.

సిరోంచ ఆడపడుచు:
బిల్లడిగినవా అన్నా?

రాజురా పత్తిచేను:
అడిగిన. నవ్విండు.