అప్‌డేట్: కావలిలో స్వీట్ చెర్రీ కాస్తుందా?

కావలిలో మా పెరట్లో స్వీట్ చెర్రీ పెట్టొచ్చా అని అడిగాను కదా. చలి చాలదు, వద్దని చెప్పిన అందరికీ ధన్యవాదాలు. ఈ చెట్టుకు చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి దాదాపు 800 నుంచి 1,200 గంటలైనా పడాలట. మనకు జనవరి రాత్రి కూడా అంత చల్లబడదు. ఆ చలి లేకపోతే మొగ్గ సరిగ్గా విచ్చుకోదు, పూత రాదు.

మా బావగారి ఉద్యోగం శ్రీనగర్‌లో. వేసవి సెలవులకు వెళ్లి అక్కడి తోటలు చూసొచ్చాం. ఎంత బాగున్నాయో! ముందుగా వచ్చే రకాలు మే నెలలోనే కోతకొస్తాయి, మిశ్రీ లాంటివి ఆ తర్వాత. పిందె మొదట గబగబా పెరుగుతుంది, తర్వాత గింజ గట్టిపడేదాకా ఆగినట్టు ఉంటుంది, చివరి వారాల్లో ఒక్కసారిగా ఉబ్బి రంగెక్కుతుంది. పండేటప్పుడు వాన పడితే తొడిమ దగ్గర తొక్క పగిలిపోతుంది. అలా పగిలిన కాయ చేత్తో పట్టుకుని చూశాను, పాపం రైతుకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకోటి, కోశాక ఇది మాగదు. మామిడిలా గడ్డిలో వేస్తే తీపెక్కదు, చెట్టు మీదే పండాలి.

మా పెరట్లో ఇప్పుడు బార్బడోస్ చెర్రీ పెట్టాం. ఇది వేరే జాతి, పుల్లగా ఉంటుంది, కానీ మన వేడికి తట్టుకుంటుంది. పూత కూడా మొదలైంది. దీనికి ఎరువు ఏది, ఎప్పుడు వేయాలో పెంచినవాళ్లు చెప్పండి.