రాసుకున్నవాడి భాషను దిద్దొచ్చా? (పోర్చుగీసు వలస కూలీల జీవితకథలు)

పాతకాగితం:
1960లలో పోర్చుగల్ పల్లెల నుంచి ఫ్రాన్స్ వెళ్లిన కూలీల్లో కొందరు ముసలితనంలో తమ కథ తామే రాసుకున్నారు. అచ్చు వేసేటప్పుడు వాళ్ల భాష దిద్దడం నాకు నచ్చదు. సెలవుల్ని వాళ్లు 'ఫేరియష్' అనరు, 'వకాన్సష్' అంటారు. చెత్తడబ్బా 'పుబెల'. రెండూ ఫ్రెంచి మాటలే, పోర్చుగీసు చొక్కా తొడుక్కున్నాయి. అవి తీసేస్తే పారిస్‌లో సిమెంటు మోసిన మనిషి పోయి లిస్బన్ పంతులు మిగులుతాడు. మీరేమంటారు?

గోదారిగట్టు:
మీరు చదివేవాళ్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు. అది పోర్చుగల్ నియంత సలాజార్ కాలపు పల్లె అండీ. 1970లో కూడా దేశంలో నలుగురిలో ఒకరికి చదువు రాదు. నాలుగో క్లాసు చదివి, నలభై ఏళ్ల తర్వాత కలం పట్టినవాడికి అచ్చులో తన తప్పు కనబడితే తల కొట్టేసినట్టుంటుంది. ఆగస్టులో ఊరికొస్తే 'అవెక్‌లు దిగారు' అని వెనక నవ్వేవాళ్లు. ఫ్రెంచిలో 'అవెక్' అంటే 'తో', అంతే. మాటల మధ్య ఆ ముక్క దొర్లుతుందని పెట్టిన పేరు. ఆ నవ్వులకి మనం అచ్చులో కూడా చోటివ్వాలా?

వేపచెట్టు:
మా మేనమామ మస్కట్ నుంచి రాసిన ఉత్తరాల్లో ఒక్క ఒత్తు సరిగ్గా ఉండదు. దిద్దడం దాకా ఎందుకు, మా అత్త వాటిని ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

పాతకాగితం:
గోదారిగట్టు గారూ, స్పెల్లింగు దిద్దుకోండి, కాదనను. మాట మార్చొద్దంటున్నా. దొంగదారిన సరిహద్దు దాటడాన్ని వాళ్లు 'సాల్తు' అంటారు, గెంతు అని. 1957 నుంచి 1974 దాకా ఫ్రాన్స్ చేరిన దాదాపు 9 లక్షల మందిలో సగం పైన ఇలా వెళ్లినవాళ్లే. ఫొటో ఒకటి రెండుగా చింపేవాళ్లు. సగం ఇంట్లో, సగం జేబులో. ఫ్రాన్స్ చేరాక జేబులోది ఇంటికి పోస్టు చేస్తే, రెండూ అతికితే, దాటించినవాడికి మిగతా డబ్బు ముట్టేది. అలాంటి గెంతుని 'అక్రమ వలస' అని దిద్దేశాక ఇక చదవడానికేముంది?

రేకులషెడ్డు:
మీరిద్దరూ మాటల దగ్గరే ఆగారు. రాయకుండా వదిలేసిందాన్ని ఎవరు దిద్దుతారు? పారిస్ పక్కన షాంపిన్యీ మురికివాడలో పదివేల మందికి పైగా పోర్చుగీసువాళ్లు రేకులు, చెక్కలు కొట్టుకుని బురదలో ఉన్నారు. ఇంటికి రాసే ఉత్తరంలో ఆ బురద ఎందుకుంటుంది? ఉత్తరంలో దాచినవాడు పుస్తకంలో మొత్తం చెబుతాడని నేననుకోను. ఆఫ్రికాలో తమ వలసరాజ్యాలు నిలుపుకోడానికి పోర్చుగల్ చేస్తున్న యుద్ధానికి పంపుతారని పారిపోయిన కుర్రాళ్లూ ఉన్నారు, ఆ సంగతి బయటికి చెప్పుకోవడం ఇంకా కష్టం.

గోదారిగట్టు:
సరే, గెంతు ఉంచుదాం. మరి రాసినాయనే 'వకాన్సష్' కొట్టేసి పైన 'ఫేరియష్' అని రాసుంటే ఏది వేస్తారు?

పాతకాగితం:
రెండూ వేస్తా, కొట్టేసిన గీతతో సహా.