అల్పాకా ఉన్ని కంబళి: ఎంపిక, ఉతుకు, నిల్వ గురించి మీ అనుభవాలు చెప్పండి

ఊలుబుట్ట:
మంచం మీద పరుచుకోవడానికి చేతితో నేసిన అల్పాకా (దక్షిణ అమెరికాలో ఉన్ని కోసం పెంచే, ఒంటె కుటుంబానికి చెందిన జంతువు) కంబళి ఒకటి తీసుకోవాలనుకుంటున్నాను. గొర్రె ఉన్ని మెడ దగ్గర గుచ్చుకుంటుంది, అల్పాకా గుచ్చుకోదని అంటారు. అయితే ఈమధ్య నేను తాకి చూసిన రెండు కంబళ్లలో ఒకటి ఎంతో మెత్తగా ఉంటే, రెండోది గోనెపట్టలా గరుకుగా తగిలింది. రెండింటి మీదా అల్పాకా అనే రాసి ఉంది. వాడినవారు దయచేసి వివరించగలరు.

పడుగుపేక:
తేడా అంతా పోగు సన్నదనంలో ఉందండీ. బేబీ అల్పాకా రకం పోగు సుమారు 22 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మందం ఉంటుంది. అది పిల్ల జంతువుల ఉన్నే కానక్కరలేదు, పెద్దవాటి ఉన్నిలోంచి ఏరిన సన్నపోగు కూడా అదే పేరుతో వస్తుంది. 30 మైక్రాన్లు దాటిన పోగుల కొనలే చర్మానికి గుచ్చుకుంటాయి కాబట్టి, ఏరివేత సరిగా జరగని ఉన్నితో నేసిన కంబళి ఏ జంతువుదైనా గరుకుగానే ఉంటుంది. పెరూలోని అరెకీపాలో ఈ ఏరివేతను అనుభవజ్ఞులైన స్త్రీలు కేవలం వేళ్ల స్పర్శతో చేస్తారు. ఆ నైపుణ్యం మీద నాకు అపారమైన గౌరవం.

చలిమంట:
నేతను కూడా చూడండి. అల్పాకా పోగుకు గొర్రె ఉన్నికి ఉన్నంత వంపులు ఉండవు, అందుకే ఒంటిమీద ఒద్దికగా జారుతుంది గానీ, సాగితే వెనక్కి రావడం తక్కువ. కంబళిని వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే పడుగు, పేక దారాల మధ్య సందులు సమంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. వదులుగా నేసినదైతే సోఫా అంచున వేలాడదీసిన చోట కొన్నాళ్లకే సాగిపోతుంది.

ఊలుబుట్ట:
అక్రిలిక్ (కృత్రిమ దారం) కలిపారేమోనన్న అనుమానం తీరేదెలా?

పడుగుపేక:
కుచ్చులోంచి ఒక్క పోగు తీసి, జాగ్రత్తగా కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మారుతుంది. అయితే ఈ పరీక్ష గొర్రె ఉన్నినీ అల్పాకానూ వేరు చేయలేదు.

నీలిఅంచు:
ఉతుకు విషయంలో ఎవరినీ గుడ్డిగా నమ్మవద్దని మనవి. నేను శుభ్రం చేయడానికి ఇచ్చిన కంబళిని ఒక లాండ్రీవారు వేడినీటిలో తిప్పి, దళసరి అట్టలా ముడుచుకుపోయిన స్థితిలో తిరిగిచ్చారు. ఉన్ని పోగు మీద ఉండే సన్నని పొలుసులు వేడికి, రాపిడికి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, ఆ చిక్కు మళ్లీ విడదు. ఇప్పుడు వెడల్పాటి తొట్టిలో చల్లని నీళ్లు పోసి, ఉన్నికి వాడే తేలికపాటి ద్రవంలో నానబెట్టి, రుద్దకుండా అదిమి ఉతుకుతున్నాను. తడిసిన కంబళి బరువెక్కుతుంది కాబట్టి ఒక కొస పట్టుకుని ఎత్తకూడదు. రెండు చేతులతో కింద నుంచి ఆనించి తీసి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి. నిజానికి తరచూ ఉతకడం కంటే గాలికి ఆరవేయడమే మేలు.

చలిమంట:
దాచేటప్పుడు శుభ్రంగా, పూర్తిగా పొడిగా ఉండాలి. ఉన్నిని తినేది రెక్కల చిమ్మట కాదు, దాని లార్వా (గుడ్డులోంచి వచ్చే పిల్లపురుగు). చెమట, ఆహారపు మరకలు ఉన్నచోట అది ముందుగా కొరుకుతుంది. గట్టిగా మూసిన సంచిలో పెట్టి, అప్పుడప్పుడు తీసి మడతలు మార్చి దులపండి.